ఎత్తుకుపోతానన్న మాట

సర్వ స్తోత్రాలూ అల్లాహ్‌కే. మనిషి నోటి మాటనూ, దాని వెనకున్న మనసునూ ఒకేసారి వినగలవాడు ఆయనొక్కడే.

2000 సంవత్సరం మొదట్లో నేను పశ్చిమ సిడ్నీలో కుటుంబ న్యాయస్థానం కౌన్సెలర్‌ని. విడిపోయిన తల్లిదండ్రులతో, పిల్లలతో మాట్లాడి జడ్జిగారికి నివేదిక ఇవ్వడం మా పని. తీర్పు మాది కాదు.

ఆ కేసులో తండ్రి గుంటూరు వైపు నుంచి వైటూకే పనికి, అంటే 2000 రాగానే కంప్యూటర్లు తేదీ తప్పకుండా సరిచేసే పనికి వచ్చిన ప్రోగ్రామర్. కొత్త సంవత్సరం ఏ గొడవా లేకుండా రావడంతో అతని కాంట్రాక్టు ముగిసింది. వీసా గడువూ దగ్గరపడింది. నాలుగేళ్ల కూతురు బ్లాక్‌టౌన్‌లో తల్లి దగ్గర ఉండేది. అంతకుముందు ఒకసారి అతను కోపంలో పాపను చెప్పకుండా తీసుకెళ్లి మర్నాడు తెచ్చాడు. అందుకని, విడిపోయినవాళ్లు పిల్లల్ని కలవడానికి ఉండే కాంటాక్ట్ సెంటర్‌లో, పర్యవేక్షకురాలి ఎదుటే కలవాలని కోర్టు ఆదేశించింది. తెలుగులో మాట్లాడుకుంటే దుబాసీ పక్కన ఉండాలి.

ఒక శనివారం పాప పరుగెత్తుకొస్తుంటే అతను చేతులు చాచి, "దొంగపిల్లా, ఎత్తుకుపోతానే నిన్ను!" అన్నాడు.

"నో నాన్నా, ఐయామ్ టూ హెవీ!" అంది పాప.

పిల్లను అపహరిస్తానంటున్నాడని దుబాసీ ఇంగ్లీషులో చెప్పాడు. పర్యవేక్షకురాలు విన్నది విన్నట్టు రాసింది. ఊహ కలపకూడదన్నది అక్కడి నియమం. తల్లి తరఫు లాయరు ఆ కాస్త కలయిక కూడా ఆపేయమని కోర్టును కోరాడు.

తెలుగు వచ్చినవాణ్ణని నివేదిక నాకప్పగించారు. నాకది ముద్దుమాటే అనిపించింది. కానీ అనిపించడం సాక్ష్యం కాదు. పైగా ఒకసారి పిల్లను తీసుకెళ్లిన మనిషి. అతన్ని అడిగితే ముద్దుకే అన్నానంటాడు, ఇంకేమంటాడు? అందుకని తల్లిని అడిగాను. ఈ ఒక్క మాట చాలు, మనదే గెలుపని లాయరు ఆమెకు అప్పటికే చెప్పి ఉన్నాడు.

ఆ మాట వినిపించగానే ఆమె ఆపుకోలేక నవ్వేసింది.

"ముద్దుకే అన్నాడు అంకుల్. వాళ్లమ్మా అంతే, ఫోన్ చేస్తే చాలు, ఎత్తుకుపోతానే అంటది. వాళ్లింట్లో ముద్దు చేయడానికి ఇంకో మాట తెలీదు."

"ఇదే రాస్తానమ్మా. మీ లాయరుకు నచ్చదు."

"రాయండి. పాస్‌పోర్ట్ మాత్రం అతని చేతికి ఇవ్వొద్దని కూడా రాయండి. ఆ ముద్దూ నిజమే, నా భయమూ నిజమే."

రెండూ రాశాను. జడ్జిగారు కలయిక ఆపలేదు, పర్యవేక్షణా తీయలేదు. పాప పాస్‌పోర్టు కోర్టు దగ్గరే ఉంచమన్నారు. చదువు, వైద్యం లాంటి నిర్ణయాల బాధ్యత ఇద్దరిదీ అన్నారు. అతని వీసా ఏమైందో నాకు తెలియదు. కేసు ముగిశాక కుటుంబాల వెంటపడటం మా పద్ధతి కాదు.

మనకే నష్టమైనా సాక్ష్యం నిజమే పలకాలని చిన్నప్పుడే మసీదులో నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ మాటకైనా అర్థం తేల్చవలసి వస్తే, నిజం చెబితే నష్టపోయే మనిషినే ముందు అడిగేవాణ్ణి. ఈ రోజు ఏ కోర్టు గదిలోనో అలాంటి ప్రశ్న ముందు కూర్చున్న తల్లికో తండ్రికో నిజం పలికే ధైర్యం ఇవ్వమని నాతోపాటు మీరూ దుఆ చేయండి.