మా అన్న ఉప్పునీళ్ళ తొట్టి

నందిగామలో మేముండే వీధి చివర ఈ మధ్య రంగుచేపల షాపొకటి పెట్టారు. మొన్న సాయంత్రం కూరగాయలు తెచ్చుకుంటూ దాని ముందు నుంచి వస్తుంటే, షాపాయన సముద్రపు చేపల తొట్టిలోంచి పాత నీళ్ళు తోడి కాలవలో పోస్తున్నాడు. నాచు, తుప్పు, తడిసిన గోనెసంచి, అన్నీ కలిసిన ఆ ఉప్పువాసన ముక్కుకి తగలగానే చేతిలో సంచితో అక్కడే నిలబడిపోయాను.

మా చిన్నతనమంతా జగ్గయ్యపేటలో గడిచింది. మధ్యాహ్నం పూట క్వారీలో రాయి పేలిస్తే వంటింట్లో బోర్లించిన గిన్నెలు గల్లుమనేవి. ఎండాకాలం వస్తే పెరట్లో కరివేపాకు మీద సిమెంటు దుమ్ము బూడిదలా పేరుకునేది. అమ్మ రెబ్బ విరిచి మూడు నీళ్ళు మార్చి కడిగితే గానీ పోపులో వేసేది కాదు. తాటిముంజెలు, కొత్తావకాయ కలిపిన వేడన్నం, వరండాలో సుద్దముక్కతో గీసుకున్న అష్టాచెమ్మా, రంజానుకి వెనక వీధి రఫీ మామ ఇంటి నుంచి మూతపెట్టి పంపే సేమ్యా, ఇవే మా సెలవులు. రఫీ మామకి చేపల వ్యాను ఉండేది. బందరు నుంచి మంచుపెట్టెల్లో చేపలు తెచ్చి పేట మార్కెట్లో దించేవాడు. మా అన్న తొమ్మిదో తరగతి సెలవుల్లో ఆ వ్యాన్లోనే బందరు వెళ్ళి, మొదటిసారి సముద్రం చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచి అన్నం తింటూ కూడా, పోటు తగ్గి సముద్రం వెనక్కి పోయాక గుంటల్లో మిగిలిన నీళ్ళ సంగతీ, వాటిలో తిరిగే పురుగూ పుట్రా సంగతీ చెప్పేవాడు. ఇంట్లోనే ఒక చిన్న సముద్రం పెట్టుకుంటానన్నాడు.

మేం కలిగినవాళ్ళం కాదు. అందుకని అంతా చవకలోనే చూసుకున్నాడు. మూసేసిన షాపులోంచి అంచు చిట్లిన గాజుతొట్టి తెచ్చాడు. నూనె డబ్బాలు వాసన పోయేదాకా కడిగి ఇస్తే రఫీ మామ వాటినిండా సముద్రపు నీళ్ళు పట్టుకొచ్చేవాడు. షాపుల్లో అమ్మే పగడపు రాళ్ళు కొనలేక, క్వారీ దగ్గర పారేసిన సున్నపురాళ్ళు ఏరి, ఉడకబెట్టి, బ్రష్షుతో తోమి, గుహల్లా పేర్చాడు. తొట్టి గాజు మీద నీటిమట్టం దగ్గర మా అమ్మ గోళ్ళరంగుతో గీత పెట్టి, నీళ్ళు ఆ గీత కిందకి దిగితే మంచినీళ్ళే పోయాలనీ, ఆవిరయ్యేది నీళ్ళే గానీ ఉప్పు కాదనీ నాకు చెప్పాడు. తర్వాత ఒక పచ్చి రొయ్యని నీళ్ళలో వేసి కుళ్ళనిచ్చాడు. ఇల్లంతా కంపు. అమ్మ ముక్కు మూసుకుని తిట్టింది. ఆ కుళ్ళుని తినే కంటికి కనపడని జీవాలు పుడితేనే నీళ్ళు పక్వానికొస్తాయనీ, ఆలోగా చేపని వేస్తే చస్తుందనీ అన్న అన్నాడు. రాళ్ళకి గోధుమరంగు నాచు పట్టి, అది మెల్లగా విడిపోయేదాకా ఖాళీ నీళ్ళకేసి చూస్తూ ఓపిగ్గా కూర్చున్నాడు.

ముందు రఫీ మామ బందరు ఒడ్డున పట్టిన, శంఖంలో కాపురముండే పీత వచ్చింది. తర్వాత బెజవాడ నుంచి ఒక నీలం చేప, అది నిలదొక్కుకున్నాక రెండు జోకరు చేపలు. నారింజ ఒంటి మీద తెల్లటి పట్టీలు. వాటిలో పెద్దది, అన్న వేలు పెడితే పైకొచ్చి గోరు దగ్గర నోరు తెరిచేది. అన్న అంత గట్టిగా నవ్వడం మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

మా నాన్న ఇంటర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. మమ్మల్ని ఏనాడూ కొట్టలేదు. మాస్టారు పిల్లల మీద చెయ్యెత్తరని వీధిలో గొప్పగా చెప్పుకునేవాళ్ళు. తొట్టికి ఆయన అడ్డు చెప్పకపోతే అమ్మకే ఆశ్చర్యం వేసింది. "పిల్లాడికి ఇష్టమైందేదో ఒకటుండాలి. లేకపోతే దేన్ని పట్టుకుని దారికి తెస్తాం?" అన్నారు. ఆ మాటకి అర్థం అప్పుడు మాకెవరికీ తెలియలేదు.

పదో తరగతి మొదటి పరీక్షలో అన్నకి లెక్కల్లో మార్కులు తగ్గాయి. ఆ సాయంత్రం నాన్న కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, తొట్టి దగ్గరికొచ్చి కూర్చున్నారు.

"వీటిల్లో నీకు ఏదంటే ఎక్కువిష్టంరా?"

అన్న సంబరంగా పెద్ద జోకరుని చూపించాడు. దాని అలవాట్లన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. నాన్న అంతా విన్నారు.

"వలతో తీసి ఈ పళ్ళెంలో పెట్టు."

అన్నకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కదల్లేదు. నాన్నే తీసి స్టీలు పళ్ళెంలో వేశారు. అది పళ్ళేనికి కొట్టుకుంటున్న చప్పుడు వంటింటిదాకా వినిపించింది. అన్నని అక్కడే నిలబడి చూడమని చెప్పి, ఆయన పేపరు తెరిచారు. అమ్మ గుమ్మందాకా వచ్చింది.

"ఏవండీ, వాడు చిన్నపిల్లాడండీ."

"చేపే కదా. ఆదివారం నువ్వు పులుసు పెట్టట్లా?"

అమ్మ వంటింట్లోకి వెళ్ళిపోయింది. చప్పుడు ఆగాక నాన్న పేపరు మడిచి, "ఇంక చదువుకో" అన్నారు, ఎంతో మామూలుగా.

తర్వాతి పరీక్షలో సైన్సు తగ్గింది. మళ్ళీ అదే ప్రశ్న. ఈసారి అన్న నీలం చేపని చూపించాడు. నాన్న తొట్టికేసి కాదు, అన్న కళ్ళకేసి చూశారు. ఆ కళ్ళు ఎటు వెళ్ళకుండా బిగబట్టుకుంటున్నాయో కనిపెట్టి, రెండో జోకరుని తీశారు.

మూడో పరీక్ష మార్కులు ఇంకా రాకముందే, ఒక మధ్యాహ్నం అన్న నీలం చేపనీ పీతనీ డబ్బాలో వేసుకుని రఫీ మామ దగ్గరికి పరిగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను.

"సముద్రంలో వదిలెయ్ మామా."

"ఏమైందిరా అబ్బాయ్, బానే పెంచుతున్నావుగా?"

అన్న డబ్బా ముందుకు జరిపాడు. రఫీ మామ వాడి మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా డబ్బా తీసుకుని సీటు పక్కన పెట్టుకున్నాడు.

ఖాళీ తొట్టి చూసి నాన్న కోప్పడలేదు. ఆ ఆదివారం బెజవాడ వెళ్ళి, మేం ఎన్నడూ కొనలేనంత మంచి చేపల్ని, పసుపువీ ఊదావీ, తెచ్చి స్వయంగా తొట్టిలో వదిలారు. "వీటికీ అలవాటు పడతావులే" అన్నారు. మేత వెయ్యకపోతే చస్తాయి, వేస్తే మాలిమి అవుతాయి. అన్న మొహం పక్కకి తిప్పుకుని మేత వేసేవాడు. వేలు మాత్రం నీళ్ళలో పెట్టలేదు. ఇంక ఒక్క పరీక్షలోనూ మార్కులు తగ్గలేదు.

ఫలితాలొచ్చిన రోజు మా స్కూలుకి అన్నే ఫస్టు. ఇల్లంతా చుట్టాలూ మిఠాయి డబ్బాలూ. నాన్న నడిమింట్లో కూర్చుని, ఒక్క దెబ్బ వెయ్యకుండా పిల్లాణ్ణి ఎలా దారిలో పెట్టారో అందరికీ చెప్తున్నారు. అన్న మైసూరుపాకు ముక్క నములుతూ లేచి వెళ్ళి, తొట్టికి గాలి కొట్టే మోటారు ప్లగ్గు పీకేశాడు.

"అదేంట్రా?" అన్నారు నాన్న.

"ఇంక అక్కర్లేదు కదా నాన్నా."

వచ్చి, మిగిలిన ముక్క తినడం పూర్తి చేశాడు. చేపలు నీళ్ళ పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే కుర్చీ వాటివైపు తిప్పుకుని మరీ కూర్చున్నాడు. నేను ప్లగ్గు పెట్టబోతే నాన్న వద్దన్నట్టు చెయ్యి ఊపారు. ఆ రోజు తర్వాత ఆయన అన్నని ఏదీ గట్టిగా అడగ్గా నేను చూడలేదు.

ఇప్పుడు నాన్న లేరు. రఫీ మామ వ్యాను అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. మా వరండా పోయి అక్కడ పైపుల గోడౌను లేచింది. అన్న జి.కొండూరులో హెడ్మాస్టరు, పిల్లలు అతనంటే ప్రాణం పెడతారని చెప్తారు. మొన్న నేను ఇంటికొచ్చి అతనికి ఫోన్ చేసి, చేపల షాపు సంగతి చెప్పి, మన తొట్టి గుర్తొచ్చింది అన్నయ్యా అన్నాను.

"ఏ తొట్టి?" అన్నాడు.

రాళ్ళు చెప్పాను, నూనె డబ్బాలు చెప్పాను, వేలు పెడితే పైకొచ్చే జోకరు చేప సంగతి చెప్పాను. కావాలని దాస్తున్నాడేమో అనుకున్నాను. కాదు. నిజంగానే వెతుక్కుంటున్నాడు, పాపం.

"మనకి చేపలుండేవా?" అన్నాడు. "బాగుండేవా?"

"చాలా బాగుండేవి" అన్నాను.