బంద్ రోజున మోటారు బిళ్ల

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం జోరుగా ఉన్న రోజుల్లో మేం చంపాపేట్‌లో ఒక ఇంటి పై అంతస్తులో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఇంటి యజమానురాలు. ఆమెది కృష్ణా జిల్లా. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం, నాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణంలో పనిచేసేవాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. బోరు మోటారు ఎవరు వేసినా ముందు మెట్ల దగ్గర నిలబడి కేకేయాలి. రెండిళ్లవాళ్లూ ఒక్కసారే నీళ్లు పట్టుకోవాలి. ఒక సాయంత్రం టీవీ వార్తల దగ్గర నాన్నకూ ఆమెకూ మాటా మాటా పెరిగింది. కేకలు ఆగిపోయాయి. ఆమె మోటారు ఆపగానే నాన్న వేసేవాడు. మోటారు వేడెక్కి ఆగిపోతే, చల్లారకముందే పెట్టె మీది ఎర్ర బటన్ నొక్కి మళ్లీ నడిపించేవాళ్లు. పంతంలో ఇద్దరూ ఇద్దరే. చివరికి ఒక బంద్ రోజు పొద్దున, వేడెక్కినప్పుడు కరెంటు ఆపి మోటారును కాపాడే ఆ ఓవర్‌లోడ్ బిళ్లే పాడైపోయింది.

మర్నాడే మా ఇంట్లో అక్క కూతుర్ని తొట్టెలలో, అంటే ఉయ్యాలలో, వేసే వేడుక. ట్యాంకులో చుక్క లేదు. బంద్ కాబట్టి ట్యాంకరూ రాదు. మెకానిక్ వచ్చి పాత బిళ్ల ఊడదీసి, ఓనరని ఆమె చేతిలో పెట్టాడు. "గిసొంటిదే తెండ్రి. ఎక్కువ ఆంపులది ఏస్తే మోటారే కాలిపోతది" అన్నాడు.

నమూనాకు ఆ పాతది అడిగి తీసుకెళ్లమంది అమ్మ. "నేనడుగ. దుకాణపోనికి తెల్వదా?" అని నాన్న నన్ను వెంటేసుకుని బయల్దేరాడు.

అసలు తమాషా ఏమిటంటే, ముందురోజు దుకాణాలు మూయమని తిరిగినవాళ్లలో నాన్న ఒకడు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా షట్టర్లన్నీ దించే ఉన్నాయి. తన మాట అంత బాగా చెల్లినందుకు ఆయన ముఖం మాడిపోతుంటే నాకు నవ్వాగలేదు. ఇంట్లో ఖాళీ బిందెలు గుర్తొచ్చాక ఆ నవ్వూ పోయింది.

ఎల్బీనగర్‌లో మోటార్ల దుకాణం మీదే దాని యజమాని ఇల్లు. నాన్న పిలిస్తే కిటికీలోంచి చూసి, "నిన్న బంద్ వెట్టుమన్నది నువ్వే గదనే?" అన్నాడు.

"నేనే. జర తియ్యి అన్నా, పసిపిల్ల ఉన్న ఇల్లు."

నాన్న అంత మెత్తగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. షట్టర్ సగం లేచింది.

"ఎన్ని ఆంపులది?" అన్నాడు దుకాణదారు.

నాన్న నా వైపు చూశాడు. నాకు ఒళ్లు మండింది. ఫోన్ ఆయన చేతిలోనే పెట్టాను. కాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పి చివరికి కిందింటామెకు కలిపాడు.

"అమ్మా, పైనోణ్ణి మాట్లాడుతున్న. గా బిళ్ల మీద ఎన్ని ఆంపులని ఉన్నదో జర చూస్తరా?"

"ఉండండి, కళ్లద్దాలు తెచ్చుకుంటాను." ఆమె గొంతు నాకూ వినబడింది. "పన్నెండు అని ఉందండి. పాపకు నీళ్ల గురించి కంగారుపడకండి, మా డ్రమ్ములోవి పైకి పంపించేశాను."

నాన్న ఫోన్ నాకిచ్చేసి ముఖం తిప్పుకున్నాడు. పన్నెండు ఆంపుల బిళ్ల కొనుక్కుని ఇంటిదారి పట్టాం. ఆయన కోరిన రాష్ట్రం న్యాయమైనదేనని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతాను. ఆయన ఆమె మీద చూపిన ఆ కోపం మాత్రం నాకు ఏనాడూ మింగుడు పడలేదు.

సాయంత్రం మెకానిక్ కొత్త బిళ్ల బిగించి వెళ్లాడు. తెల్లవారి నాన్న మెట్ల మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, మోటారేస్తున్న!"

కింద తలుపు తెరుచుకుంది. "వెయ్యండి బాబూ, డ్రమ్ము ఖాళీగా ఉంది" అంది ఆమె.

నాన్న స్విచ్ వేసి, పైపు తీసుకెళ్లి ముందు ఆమె డ్రమ్ములోనే పెట్టాడు.