వియ్యంకుడి ముందు అడిగిన దిగుబడి

మాస్టారు పోయారని మొన్న ఉదయం నందిగామ బస్టాండులో తెలిసింది. జగ్గయ్యపేట నుంచి వచ్చిన మా అన్నయ్య బస్సు దిగుతూనే చెప్పాడు. కాలేజీకి వెళ్ళలేక అక్కడే బల్ల మీద కూర్చుండిపోయా.

మాస్టారు వ్యవసాయ ఆర్థికశాస్త్రవేత్త. ఎండలు మండే దేశాల్లో, వానను నమ్ముకున్న సేద్యం గురించే ఉద్యోగమంతా చేశారు. ఆఫ్రికాలో మొక్కజొన్న చేలు, ఫిలిప్పీన్సులో వరి మళ్ళు తిరిగి, చివరికి జగ్గయ్యపేటలో ఓ అద్దె ఇంట్లో స్థిరపడ్డారు. ఎక్కడైనా ఆయన పద్ధతి ఒకటే. పంట సంగతి చేలోనే అడగాలి, రైతు ఒంటరిగా ఉన్నప్పుడే అడగాలి. "నలుగుర్లో అడిగితే పరువు జవాబు చెబుతుందమ్మాయ్, రైతు చెప్పడు" అనేవారు.

అది విని కూడా నేను తప్పు చేశా.

నిరుడు వానలు మొహం చాటేశాయి. వత్సవాయి దగ్గరి మా ఊరు కరువు జాబితాలో చేరితేనే పశువులకు మేత, మళ్ళీ వేసుకోవడానికి విత్తనాలు వస్తాయి. అందుకు సర్కారుకి మాస్టారి నివేదిక వెళ్ళాలి. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నానని, వివరాలు రాసుకొచ్చే పని నాకిచ్చారు. ఎండకి జడిసి, టీకొట్టు దగ్గరే అందర్నీ అడిగేశా. మా వీధి రైతు పక్కన ఆయన వియ్యంకుడు కూర్చుని ఉన్నాడు.

"పత్తి ఎకరాకి ఎనిమిది క్వింటాళ్ళు ఎటూ పోదు" అన్నాడు రైతు మీసం దువ్వుతూ.

మిగతావాళ్ళు తగ్గుతారా? ఏడన్నారు, తొమ్మిదన్నారు. నేను "ఆశాజనకమైన దిగుబడి" అని రాసి, ఆ మాటని పదిసార్లు చదువుకుని మురిసిపోయా.

గడువు చివరి రోజు ఉదయం మాస్టారు మా ఊరొచ్చి, ఆ మాట మీద వేలు పెట్టారు. "ఆశ ఎవరికమ్మాయ్? ఇది వెళితే మీ ఊరికి గడ్డిపరక రాదు."

ఏడుపొచ్చింది. "అన్నీ రెండుకి దించి రాసేద్దామండీ."

"అప్పుడు అబద్ధం నీదవుతుంది. పద, చేలకి."

కాగితాలు నాలుగింటి బస్సుకి పోవాలి. చేలో ఒంటరిగా దొరికినవాళ్ళు తలొంచుకుని నిజం చెప్పారు. మూడున్నరకి మా వీధి రైతు ఒక్కడే మిగిలాడు. వెళితే గట్టు మీద వియ్యంకుడు!

మాస్టారు ఏమీ అడగలేదు. సాలులో గొంతుక్కూర్చుని, విచ్చుకోని కాయ ఒకటి చిదిమారు. లోపలంతా నల్లటి పొట్టు. ఇంకోటి చిదిమారు. ఇంకోటి. రైతు మొహం పక్కకి తిప్పుకున్నాడు. రోడ్డు మీద బస్సు హారన్ వినబడింది.

వియ్యంకుడు గట్టు దిగొచ్చి తనూ ఓ కాయ చిదిమాడు.

"ఎనిమిదన్నారే బావగారూ!"

రైతు వంగి, చిదిమిన కాయల్ని మట్టిలోకి తోశాడు.

"సిగ్గెందుకండీ? మా ఊళ్ళో మీ అబ్బాయి ముందు నేను పది చెప్పా. వచ్చింది ఒకటిన్నర."

రైతు ఆయన వంక చూసి, పైపంచెతో మొహం తుడుచుకున్నాడు. "రెండండీ మాస్టారూ. అదీ వస్తే."

నేను రోడ్డు మీదకి పరిగెత్తి బస్సుకి అడ్డంగా నిలబడ్డా. నివేదిక అందింది. తర్వాత మేతా వచ్చింది, విత్తనాలూ వచ్చాయి.

బస్సు ఆపుకుని వెనక్కి చూస్తే, మాస్టారు ఇంకా ఆ సాలులోనే ఉన్నారు. బావగార్లిద్దరూ చెరో పక్కా చేరి, ఒకరి మాటకి ఒకరు అడ్డుపడుతూ ఎండిన చేల సంగతులు చెబుతున్నారు. కండక్టరు ఈల వేస్తూనే ఉన్నాడు. మాస్టారు నివేదిక కాగితం మోకాలి మీద పెట్టుకుని, వింటున్నారు.