అక్కగారికి మొదటి చెంచా

మా మనవరాలు శనివారం పొద్దున కాలేజీ నుంచి హెర్న్‌డన్‌లోని మా అమ్మాయి ఇంటికి వచ్చింది. వస్తూనే వంటింటి పైఅర వెతకడం మొదలుపెట్టింది. దానికి కావలసింది పండుమిరప పచ్చడి. ఆ పచ్చడిని నేను గుంటూరు నుంచి సూట్‌కేసులో, చీరల మధ్య పసిబిడ్డలా పడుకోబెట్టి తెచ్చుకున్నాను. అల్లుడికైనా చెంచాతో కొలిచే వేస్తాను.

"ఎంత కావాలే?"

"సీసా మొత్తం, అమ్మమ్మా."

చారులో మిరియం కనబడితే ఏడ్చే పిల్ల ఇది! నేను సీసా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. "ఎందుకో చెప్పు. అబద్ధమాడావంటే మూత కూడా ఇవ్వను."

నసుగుతూ చెప్పింది. ఈ దేశంలో కాలేజీ ఆడపిల్లలు కలిసి ఉండే సంఘం ఒకటి ఉందట, సోరోరిటీ అంటారట. కొత్తగా చేరేవాళ్లకి పాతవాళ్లు అక్కలు. చేర్చుకునేముందు ఆ అక్కలు పరీక్షలు పెడతారు. ఆ సాయంత్రం కొత్తపిల్లలు ఉత్త పచ్చడి తినాలి, ఆపైన అక్కలు చాలనేదాకా నీళ్లు తాగాలి, బాత్రూమ్‌కి వెళ్లకూడదు. పోయినవారం ఒట్టి నీళ్లకే ఒక పిల్ల వాంతులు చేసుకుని, మాట తడబడి, కూలిపోయిందట.

"డాక్టర్‌కి చూపించారా?"

"లేదు. కాలేజీకి తెలిస్తే సోరోరిటీ క్లోజ్ చేసేస్తారని... కాసేపు పడుకోబెట్టారు. షీ ఈజ్ ఫైన్, అమ్మమ్మా."

"మితిమీరి తాగిస్తే మంచినీళ్లే ప్రాణం తీస్తాయి. నువ్వు వెళ్లడానికి వీల్లేదు."

"వెళ్లకపోతే నన్ను తీసేస్తారు. అక్కడ నా ఫ్రెండ్సంతా వాళ్లే!"

మా అమ్మాయీ అల్లుడూ ఊళ్లో లేరు. అరిస్తే ఈ పిల్ల నాకు చెప్పకుండా వెళ్లిపోతుంది. అందుకని నోరు మూసుకుని, దీన్ని కారులో తీసుకెళ్లడానికి వస్తానన్న అక్కగారి కోసం ఎదురుచూశాను.

మధ్యాహ్నం కారు వచ్చింది. అక్కగారూ తెలుగుపిల్లే, ఈ దేశంలోనే ఎడిసన్‌లో పుట్టిందట.

"హాయ్ ఆంటీ! పికిల్ రెడీయా?"

"ఆంటీ ఏమిటే, మీ అమ్మకే అమ్మ వయసు నాకు. చేతులు కడుక్కుని రా."

కంచం ముందు కూర్చోబెట్టాను. అన్నం పెట్టలేదు. చెంచాడు పచ్చడి వేసి, కడిగి దాచుకున్న పాలడబ్బా నిండా నీళ్లు పట్టి పక్కన పెట్టాను.

"ఇదేంటి?"

"మా ఇంట్లో చిన్నపిల్లకి ముద్ద పెట్టేముందు అక్క అరచేతిలో వేసుకుని కారం చూస్తుంది. ఎక్కువైతే పెట్టదు. నువ్వు దీనికి అక్కవట కదా, చూడు."

"నో నో, ఇది జస్ట్ ఫన్, ఆంటీ... అమ్మమ్మగారూ."

"నాకూ సరదాగానే ఉంది. కానియ్."

మనవరాలు మొహం చేతుల్లో దాచుకుంది. భుజాలు ఊగుతున్నాయి, నవ్వే అయివుంటుంది. అక్కగారు పౌరుషం కొద్దీ రవ్వంత నాలిక మీద పెట్టుకుంది. చెవులు ఎర్రబడ్డాయి, కళ్లూ ముక్కూ ఏకమయ్యాయి. చెయ్యి డబ్బా మీదికి పోయింది. నేను డబ్బా లాగేసి, గిన్నెడు పెరుగన్నం ముందుకు తోశాను.

నాలుగు ముద్దలు లోపలికి పోయాక ఆ పిల్ల మెల్లగా అంది. "లాస్ట్ ఇయర్ నాకు కూడా తాగించారు. బాత్రూమ్‌లో పడిపోయాను. అమ్మకి చెప్పలేదు."

"నిన్ను లేపిందెవరు?"

"ఎవరూ లేపలేదు. నేనే లేచాను."

"మరి ఈ ఏడు ఇంకొకరిని పడెయ్యడానికి బయల్దేరావు."

మనవరాలి నవ్వు ఆగిపోయింది. "అక్కా, నేను రావట్లేదు" అని, పోయినవారం పడిపోయిన పిల్లకి ఫోన్ చేసింది. ఆమెకి ఇంకా తల తిరుగుతోందట. వెంటనే ఆసుపత్రికి వెళ్లమని గట్టిగా చెప్పి, తర్వాత ఇలాంటివి ఫిర్యాదు చేసే కాలేజీ నంబర్ వెతికింది.

"నా పేరు చెప్పకు, ప్లీజ్" అని అక్కగారు బతిమాలింది.

మనవరాలు వినకుండా ఫోన్ కలిపింది, కానీ అవతలి మనిషి ప్రశ్న మీద ప్రశ్న అడుగుతుంటే తడబడింది. అక్కగారు గిన్నె పక్కకు జరిపింది. తర్వాత మూతి తుడుచుకుని చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు. నేను చెప్తాను."

ఇంగ్లీషులో చాలాసేపు చెప్పింది. నాకు సగం అర్థం కాలేదు. ముందుగా తన పేరు చెప్పుకోవడం మాత్రం విన్నాను.