పేరు పెట్టి పిలవని ఇల్లు

పొద్దున తొమ్మిదింటికి ఆ ఇంట్లో రాత్రవుతుంది. ఇంటాయన రాత్రంతా బేకరీలో రొట్టెలు కాల్చి వస్తాడు. ఆయన స్నానం చేసి, ఇంత తిని, నడుం వాల్చేలోపు భార్య కిటికీలన్నిటికీ మందపాటి కర్టెన్లు లాగేస్తుంది. అవి ఆమె కుట్టినవే. కర్టెన్ల షాపు నుంచి గుడ్డ తెచ్చుకుని, కూలికి అంచులు చేత్తో కుట్టి, రింగులు తొడిగి ఇస్తుంది. మిషన్ పని షాపువాళ్లే చూసుకుంటారు. ఇంట్లో మిషన్ తిరిగితే ఆయనకు నిద్ర పట్టదు.

నీలం గుడ్డలోంచి వెలుతురు వడకట్టినట్టు దిగుతుంది. గది నీళ్ల అడుగున ఉన్నట్టుంటుంది. రెండేళ్లు దాటిన కూతురు, ముద్దుపేరు గువ్వ, ఆ నీళ్లలో తేలుతున్నట్టు తిరుగుతుంది. కర్టెన్ సందులోంచి గోడ మీద ఒక వెలుగు చార పడుతుంది. అది జరిగినకొద్దీ గువ్వా జరుగుతుంది. లేదంటే ఇత్తడి రింగులు నేల మీద వరసగా పేరుస్తుంది. ఒకటి పక్కకి పోతే మొత్తం తీసి మళ్లీ మొదలుపెడుతుంది. అల్లరి లేదు, పేచీ లేదు. "మా పిల్ల బంగారం. నాన్న నిద్ర అస్సలు పాడుచెయ్యదు" అని తల్లి నలుగురితో చెప్పుకుని మురిసిపోయేది.

ఆ ఇంట్లో ఎవరూ ఎవర్నీ పేరు పెట్టి పిలవరు. పని పడితే దగ్గరికెళ్లి భుజం తడతారు, లేకపోతే సైగ చేస్తారు. నీళ్లు కావాలంటే గువ్వ వచ్చి తల్లి మణికట్టు పట్టి లాక్కెళ్లి, ఆ చేతిని కుళాయి మీద పెడుతుంది. ముఖంలోకి చూడదు. ఇల్లంతా సైగలే కనక ఇదీ ఒక సైగే అనుకున్నారు. ఏడాది నిండేసరికి "పాలు" అనేది, "తాత" అనేది. ఆ మాటలు సబ్బు ముక్కలా అరుగుతూ వచ్చాయి. ఏ రోజు పూర్తిగా అయిపోయాయో ఎవరూ గమనించలేదు.

ఒక మధ్యాహ్నం ఆయన అక్క చెప్పాపెట్టకుండా ఊడిపడింది. గొంతు తగ్గించడం ఆవిడకి చేతకాని పని.

"గువ్వా! ఏమే, అత్తొచ్చానే!"

లోపలి గదిలో ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. పక్కింటి కుక్క మొరిగింది. ఆవిడ కాళ్ల దగ్గరే ఉన్న గువ్వ మాత్రం రింగులు పేరుస్తూనే ఉంది.

"ఓ గువ్వమ్మా! ఏంటే మరదలా, దీనికి చెవుడా?"

"కాస్త మెల్లిగా, వదినా..."

"మెల్లిగేంటి? ఇది ఇల్లా, గుడ్లగూబ గూడా? పిల్ల తలైనా తిప్పలేదు, చూశావా?"

ఆ హడావుడిలో తల్లి ఒళ్లోంచి ఒక రింగు జారి వంటింట్లోకి దొర్లింది. ఆ సన్నటి చప్పుడుకే గువ్వ లేచి పరుగెత్తింది. ఆడవాళ్లిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఆయన కళ్లు నులుముకుంటూ గుమ్మంలోకొచ్చాడు. "నేను కూడా నాలుగేళ్లకి గానీ మాట్లాడలేదన్నావుగా అక్కా. దీనికీ మాటలు అవే వస్తాయిలే."

"మాటలు రాకపోతేనేం రా, తిండికి పిలిస్తే వీధి చివర్నించి వచ్చి పడేవాడివి. అది కావాలి, ఇది కావాలని వేలు చూపించి ప్రాణం తీసేవాడివి. ఇది వేలు చూపిస్తుందా?"

తల్లి చేతిలో సూది ఆగిపోయింది. గువ్వ ఇంతవరకూ దేన్నీ వేలెత్తి చూపించలేదు.

ఆ తర్వాత తల్లి రోజూ సాయంత్రం, ఆయన పనికి వెళ్లాక, వెనక నుంచి పిల్లని పేరు పెట్టి పిలిచి చూసింది. కూతురి పేరు తన నోటికే కొత్తగా తగిలింది. పిల్ల తిరిగి చూడలేదు.

"ఇంకో ఏడాది చూద్దాం" అన్నాడాయన.

"ఇన్నాళ్లూ చీకట్లో చూశాం, చాలు. మీరు రాకపోతే నేనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తా."

ఆయన వచ్చాడు. పిల్లల డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్నే అది: "పేరు పెట్టి పిలిస్తే చూస్తుందా?"

"మా ఇంట్లో ఎవరం పిలవమండీ" అంది తల్లి. తర్వాత అంతా చెప్పింది: నిద్ర, సైగలు, కుళాయి, పోయిన మాటలు, సాయంత్రం పిలుపులు.

డాక్టరమ్మ మధ్యలో అడ్డు రాకుండా విన్నది. "ఆటిజం కావచ్చు, కాకపోవచ్చు. నేను ఇక్కడ కూర్చుని ఒక్క చూపులో తేల్చేది కాదు. పిల్లల ఎదుగుదల చూసే నిపుణులు ఆడిస్తూ పరీక్షించాలి. రింగు చప్పుడు విన్నది కదా అని వదిలెయ్యం, వినికిడి పరీక్ష కూడా చేయిద్దాం. పెద్దయితే అదే సర్దుకుంటుందని మాత్రం ఆగకండి. ఒకవేళ సాయం అవసరమైతే, ఎంత ముందు మొదలుపెడితే అంత మంచిది."

ఆయన చేతులు నలుపుకున్నాడు. "నా నిద్ర వల్లేనా అండీ? మేం మాట్లాడక..."

"కాదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నంత మాత్రాన ఆటిజం రాదు. ఈ తేడా మీ కంట పడటం ఆలస్యమైంది, అంతే."

నిపుణుల దగ్గర వచ్చే గురువారం పదింటికి సమయం దొరికింది. తల్లిదండ్రులిద్దరూ రావాలన్నారు, ప్రశ్నలు చాలా ఉంటాయట.

"పదింటికా? నిలబడే నిద్రపోతానే" అన్నాడాయన, మెట్లు దిగుతూ.

"నిద్రపోతే పోండి. గిల్లడానికి నేనున్నాగా."

గువ్వ ఆయన భుజం మీద ఉంది, మెట్ల పక్కన కర్టెన్లు లేని కిటికీల వైపు చూస్తోంది. పరీక్షకి రెండు గంటలు పడుతుందట. ఆ గురువారం ఆ ఇంట్లో తొమ్మిదింటికి రాత్రవదు.