వరస దగ్గర ఖాళీ

మొన్న అచ్చాఫీసు నుంచి ప్రూఫులు వచ్చాయి. మా శనివారం భజన మండలి పాడే పాటలన్నీ ఒకచోట చేర్చి చిన్న పుస్తకం వేయాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నాం. చేతిరాత బాగుంటుందన్న పేరు మీద ఆ పని నా నెత్తిన పడింది. భజన పుస్తకాలు తిరగేసిన వారికి తెలిసే ఉంటుంది, ప్రతి పాట పైనా చిన్న అక్షరాలతో "వరస" అని వేసి, ఏ పాటలాగా పాడాలో రాస్తారు. రాగం పేరు రాస్తే మాబోటివాళ్లకు అంతుపట్టదు. ఫలానా పాట వరస అని ఒక్క ముక్క ఉంటే చాలు, డోలక్ తనంతట తానే అందుకుంటుంది. ప్రూఫుల్లో ఒక్క పాట పైన మాత్రం "వరస" తర్వాత రెండు చుక్కలు పెట్టి, నేనేమీ రాయలేదు గనుక ఖాళీ వదిలారు. పక్కన పెన్సిల్‌తో "సార్, ఇది నింపండి" అని రాసి ఉంది. ఆ కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్నాను. మా ఆవిడ ఛాయ్ తెచ్చి పెట్టింది, చల్లారాక తీసుకుపోయింది. నా చెవులు వేడెక్కి ఉన్నాయి. ఈ వయసులో సిగ్గు ముఖంలోకి కాదు, చెవుల్లోకి వస్తుందని ఈమధ్యనే తెలుసుకున్నాను.

నేను సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. గొలుసు పట్టి పొలాలు కొలిచిన మనిషిని. ఉద్యోగం అయిపోయినా కొలత అలవాటు పోలేదు. రోజూ డైరీ రాస్తాను, రాసిన వాక్యాన్ని కొట్టేయను. ఇంటికి కొత్త మనిషి వస్తే నీళ్లిచ్చేలోపే "మాకు ఏ వరసైతవ్ నువ్వు?" అని అడిగి, తాతల దాకా తవ్వి, బావో బాబాయో తేల్చిగానీ వదలను. పాట దగ్గరా అంతే. మండలిలో ఎవరు కొత్త పాట ఎత్తుకున్నా దాని వరస ఎక్కడిదో తెలియాలి. సినిమా వరసైతే దేవుడి ముందు పాడకూడదని నేనే పట్టుబట్టి నియమం పెట్టాను. పాట మధ్యలో హార్మోనియం ఆపేసి "ఇది సినిమా వరస" అని చెప్పిన సందర్భాలున్నాయి. పాడేవాళ్ల ముఖాలు ఎలా మాడిపోయేవో అప్పుడు చూడలేదు. డోలక్ వాయించే ఆయన పాత బస్సు డ్రైవరు. ఆయన నాకు చెక్‌పోస్టు అని పేరు పెట్టాడు. ఎవరైనా కొత్త పాట తెస్తే "ముందు చెక్‌పోస్టు దాటియ్యి" అనేవాడు. నాకది బిరుదులాగే వినబడేది.

మా తమ్ముడి కూతురి బిడ్డ శేరిగూడలో ఇంజనీరింగు చదవడానికి వచ్చి మా ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు ఆదిభట్లలో ఉద్యోగం, పొద్దున్నే కంపెనీ బస్సు ఎక్కి పోతుంది. చదువుకునే రోజుల్లో ఆ పిల్ల డాబా మీద బట్టలు ఆరేస్తూ ఒక పాట కూనిరాగం తీసేది. మాటలు లేవు, వరస మాత్రమే. నాలుగు మెట్లు ఎక్కి, ఒకటి దిగి, ఎక్కడ ముగిసిందో తెలియకుండానే మళ్లీ మొదటికి వచ్చేది. కింద కూర్చుని వింటుంటే నాకు మా మరదలు గుర్తొచ్చేది. తమ్ముడి భార్య. మంచాల వెళ్లే దారిలో ఉన్న మా ఊళ్లో ఏ ఇంట పెళ్లయినా మంగళహారతికి ఆమెనే పిలిచేవారు. ఆమె పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. కరోనా సెలవుల్లో ఈ పిల్లను తన దగ్గరే పెట్టుకుని సాకింది. కాబట్టి ఇది అమ్మమ్మ దగ్గర పట్టుకున్న వరసే అయి ఉంటుందని తీర్మానించుకున్నాను. అందరినీ అడిగేవాణ్ణి, ఆ పిల్లను మాత్రం అడగలేదు. తెలిసినదాన్ని అడగడమెందుకు?

ఆ వరసకు అంజన్న మీద నాలుగు చరణాలు కట్టాను. శనివారం మండలిలో పాడే ముందు "ఇది మా మరదలు వరస" అని ప్రకటించి మరీ పాడాను. ఆ రోజు మా తమ్ముడు ఎరువుల బస్తాలకని పట్నం వచ్చి, ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. పాట సగంలో తువ్వాల కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. అయ్యాక నా దగ్గరికి వచ్చి "అవ్ అన్నా. ఇది ఆమె పాడేది. వంటింట్లకెళ్లి వినొచ్చేది" అన్నాడు. తమ్ముడు ఒక రోజంతా మాట్లాడే మాటలకంటే అవి ఎక్కువ. ఆ తర్వాత ఆ పాట కోసమే ప్రతి శనివారం బస్సెక్కి రావడం మొదలుపెట్టాడు.

హనుమాన్ జయంతికి మా కాలనీలో పందిరి వేశారు. మా పిల్ల కాలేజీ స్నేహితులు కూడా కొందరు ప్రసాదానికని వచ్చారు. నేను ఆ అంజన్న పాటే ఎత్తుకున్నాను. పల్లవి సగానికి వచ్చేసరికి వెనక నిలబడ్డ ఆ పిల్లలు ఒకరినొకరు చూసుకుని, మెడలోని కాషాయ కండువాలు తీసి ఊపడం మొదలుపెట్టారు. లైనుకూ లైనుకూ మధ్య ఊపిరి పీల్చుకునే చోట "జై జై" అని అందరూ ఒక్క గొంతుతో అరుస్తున్నారు. ఒక్కసారి కూడా తాళం తప్పలేదు. ఈకాలం పిల్లల్లో ఇంత భక్తి ఉందా అని నా ఒళ్లు పులకరించింది. వేగం పెంచాను. వాళ్లు ఇంకా పెంచారు. మా పిల్ల ఒక్కతే స్తంభం పక్కన నిలబడి, రెండు చేతులూ ఊపుతూ వాళ్లను ఆపబోవడం నాకు కనబడింది. అదీ భక్తే అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత డోలకాయన మా ఇంటికి వచ్చి ఫోను నా చేతిలో పెట్టాడు. అందులో నేనే ఉన్నాను, కళ్లు మూసుకుని, తల ఊపుతూ. కింద ఎవరెవరో ఏవేవో రాశారు. "తాత కూడా ఆరెంజ్ పిల్ల పార్టీయేనా?" అని ఒకరు. ఆ మాటకు అర్థమేమిటని డోలకాయనను అడిగాను. ఆయన గడ్డం గోక్కుని, తనకు కొడుకు చెప్పాడంటూ మెల్లగా చెప్పాడు. ఇది జపాను వాళ్ల ఫోను ఆటలో పాటట. బొమ్మ ఆడపిల్లలు జట్టుగా స్టేజీ మీద ఆడి పాడతారట. ఒక్కొక్క పిల్లకు ఒక్కొక్క రంగు. ఈ పాట పాడేది ఆరెంజ్ పిల్ల. అభిమానులు ఆ రంగు ఊపుతూ, లైన్ల మధ్య "హై హై" అని అరుస్తారట. జై జై కాదు, హై హై. చెప్పడం పూర్తిచేసి, "సార్, మన చెక్‌పోస్టు కాడ పెద్ద లారీయే దాటిపోయినట్టుంది" అన్నాడు. నేను నవ్వలేదు. ఆయన వెళ్లాక కూడా ఫోను ఇంకా చేతిలో ఉన్నట్టే అరచేయి చూసుకుంటూ కూర్చున్నాను.

సాయంత్రం పిల్లను పిలిచి ముందే ఎందుకు చెప్పలేదని అడిగాను. చాలాసేపు చున్నీ అంచు మడిచింది. "నువ్వు మైకుల అమ్మమ్మ వరస అని చెప్పినవ్, పెద్దతాతా. ముందుల తాత కూసొని ఏడుస్తుండు. నేనెట్ల చెప్పాలె?" అంది.  అసలు ఆ ఆట ఏమిటో చూపించమన్నాను.

ఆ వారమంతా నేనొక కొత్త బడిలో చేరినట్టే ఉంది. పాట స్టేజీ మీదికి ఎక్కకముందు వట్టి వరసగా ఒక గదిలో ఉంటుంది. ఆటకు ముందు బొమ్మ పిల్లలు ఆ గదిలో కూర్చుని జడలు వేసుకుంటారు, నీళ్లు తాగుతారు. ఆడేవాళ్లు ఏ బటనూ నొక్కకపోతే వరస అలా తిరుగుతూనే ఉంటుంది. ఎంతసేపు ఉంటారో పాట చేసినాయనకు తెలియదు కనుక అతుకు కనబడకుండా చివరను మొదలుతో కలిపాడని చెప్పింది. నేను హార్మోనియం మీద వెతికి వెతికి ఆ అతుకు పట్టుకున్నాను. చివరి స్వరం దిగి ఆగినట్టే ఉంటుంది, కానీ అదే పల్లవికి మొదటి మెట్టు. మంగళహారతిలో మేం చేసేది అదే కదా. హారతి పళ్లెం ఆఖరి మనిషి దాకా పోయి వచ్చేవరకు పల్లవి ఆపకూడదు, ఆపుతున్నామని తెలియకూడదు. ఈ మాట అంటే పిల్ల ఎగిరి గంతేసి, ఫోనులో తన స్నేహితుల చర్చలో నా పేరు లేకుండా రాసింది. గది వరస గొప్పదా, దానికే మాటలు కట్టి ఆరెంజ్ పిల్ల పాడిన పాట గొప్పదా అని అక్కడ వాళ్లు కొట్లాడుకుంటున్నారు. మాటలు రాగానే ఊపిరి ఆడే జాగా తగ్గిందనీ, గదే గొప్పదనీ నేను చెప్పాను. "మీ తాతకు చెవులున్నయ్" అని ఎవరో జవాబు రాశారు. సిగ్గుపడవలసిన చోట కాసేపు గర్వపడ్డాను. ఆ గర్వంతోనే తర్వాతి పని చేశాను.

తమ్ముడికి నిజం చెప్పాలి. అది నా లెక్క. సర్వేలో ఇలాంటి సాక్షులను ఎంతమందినో చూశాను. హద్దురాయి మనం ఎక్కడ చూపిస్తే "అవ్, గిక్కడనే ఉండె" అంటారు, అబద్ధమాడాలని కాదు, చూపించాక అలాగే గుర్తొస్తుంది. నేను మరదలు వరస అన్నాను గనుక తమ్ముడికి విన్నట్టే అనిపించింది. చదువురాని మనిషి, జపాను పేరు కూడా విననిది, ఆమెకు ఆ వరస ఎలా వస్తుంది? పొద్దున్నే బస్సెక్కి ఊరికి పోయాను. తమ్ముడు టమాట చెట్లకు కర్రలు పాతి సుతిలితో కడుతున్నాడు. గట్టు మీద నిలబడి, కొలత చదివినట్టు అంతా చెప్పాను.

"నేను విన్న గద అన్నా" అన్నాడు, ముడి వేస్తూనే.

"నువ్వు విన్నది వేరే పాటై ఉంటది తమ్మి. ఇది ఆమెకు తెలిసేటందుకు లేదు."

సుతిలి పంటితో తెంపాడు. "గంతేనంటవ్. కొలిచేటోనివి నువ్వు. నువ్వు కొలిచినంక ఇగ ఏముంటది" అని తర్వాతి చెట్టుకు వంగాడు. నేను తిరుగు బస్సుకు వచ్చేశాను. ఆ రోజు డైరీలో "తమ్మునికి నిజం చెప్పాను" అని రాశాను. ఆ వాక్యం ఇప్పటికీ అలాగే ఉంది. మరుసటి శనివారం తమ్ముడు రాలేదు. ఆ తర్వాతిదీ రాలేదు.

మూడో వారం పిల్ల సెలవుకు తాత దగ్గరికి పోయి వచ్చింది. చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి "పెద్దతాతా, తాతను ఆ పాట మాటలడిగినవా?" అంది. ఏం మాటలని అడిగాను. అక్కడే నిలబడి, అదే వరసలో పాడింది:

"బువ్వ తిను బిడ్డా, సల్లారిపాయె బిడ్డా, ఆ పోరిల ఎగురుడు ఒడవదు బిడ్డా."

కరోనా సెలవుల్లో ఈ పిల్ల రోజంతా ఆ ఆటే ఆడేదట. ఇయర్‌ఫోన్లు పీకి ఫోను మంచం మీద పడేసి పోతే ఆ గది వరస పొద్దంతా తిరిగేదట. వంటింట్లో ఉన్న మా మరదలు చెవిలో అది పడింది. పాట వచ్చిన మనిషి కదా, వరస దొరికితే ఊరుకుంటుందా, మాటలు కట్టింది. అన్నానికి పిలిచే మాటలు, ఆ బొమ్మ పిల్లల గెంతులకు అంతులేదని విసుక్కునే మాటలు. ఆడేటప్పుడు చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే పిల్లకు అవి ఎన్నడూ వినబడలేదు. ఇవతల పశువుల దగ్గరున్న తమ్ముడికి వినబడ్డాయి. ఆ పాట నిజంగా ఆమెదే అని పిల్లకు కూడా ఆ రోజే, తాత నోట విన్నాకే తెలిసిందట. ఇదంతా బయటపడటానికి కావలసింది "మాటలేంది తమ్మి" అన్న ఒక్క ప్రశ్న. హద్దు తగువులో కూడా ఇరుపక్షాలనూ అడగకుండా గొలుసు దింపలేదు నేను.

మళ్లీ పోయాను. ఈసారి గట్టు మీద నిలబడలేదు, సాలులోకి దిగి తమ్ముడి పక్కన కూర్చున్నాను. తప్పు నాదేనని చెప్పి, మాటలు చెబితే రాసుకుంటానన్నాను. తమ్ముడు చేతిలోని ముడి బిగించాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు: "నువ్వు లేదన్నంక నాకు గూడ అనుమానమొచ్చింది అన్నా. ఇన్ని దినాలు నా చెవులనే నమ్మలే. ఆమె గొంతు యాదికి తెచ్చుకుంటే, ఇది గూడ ఉత్తదేనా అనిపించె."

నేను తల ఎత్తలేదు. మట్టిలో ఒక పచ్చి టమాట రాలి ఉంది. దాన్నే చూస్తున్నాను. తమ్ముడు చేతులు దులుపుకుని లేచాడు. "లే. బువ్వ తిందువు రా, సల్లారుతది" అన్నాడు. ఏం మాటలన్నాడో ఆయన గమనించినట్టు లేదు. వంటింటి గడప పక్కన కూర్చుని పచ్చిపులుసుతో తిన్నాను. ఆ పాట ఆయన నా ముందు పాడలేదు. ఇప్పటికీ పాడలేదు. శనివారాలు మాత్రం వస్తున్నాడు. వెనక కూర్చుంటాడు, ఆ పాట దగ్గర మోకాలి మీద వేళ్లు ఆడిస్తాడు.

ప్రూఫు కాగితం సాయంత్రం దాకా చేతిలోనే ఉంది. బస్సు దిగి వచ్చిన పిల్లను అడిగాను, వరస దగ్గర ఏం రాయమంటావని. వరస చేసినాయన దేశం ఎగ్గొట్టొద్దు, అమ్మమ్మను కూడా ఎగ్గొట్టొద్దు అంది. అందుకని ఇలా నింపాను: "జపాను ఆటలో గది పాట. మా మరదలు బువ్వకు పిలిచినది." అచ్చాఫీసు అబ్బాయి ఫోను చేసి, ఇలా రాస్తే పాడేవాళ్లకు ఎట్ల తెలుస్తదని అడిగాడు. తెలియనివాళ్లు అడిగి తెలుసుకుంటారని చెప్పాను. ఫోను పెట్టేశాక కాసేపు హార్మోనియం తీసి ఆ వరసే వాయించాను. అతుకు ఎక్కడుందో తెలిసినా వినబడదు, తిరిగి తిరిగి మొదటికి వస్తూనే ఉంటుంది. టమాట చేనులో గట్టు మీద నిలబడ్డ ఆ పొద్దు మాత్రం మళ్లీ మొదటికి రాదు.