చప్పుడు వెంబడి వేలు

పెండ్లయి ఉప్పుగూడకు వచ్చిన కొత్తల, రైలు నా మీదికే వస్తున్నట్టు అనిపించేది. మా ఇల్లు పట్టాల పక్కనే. చేతిల పని ఇడిసి గోడకు ఆనుకునేదాన్ని.

చూపు లేని మా అత్త ఒక మధ్యాహ్నం నన్ను పక్కన కూసోబెట్టుకున్నది. "కండ్లు మూసుకో బిడ్డా. ఇగో, రైలు దబీర్‌పురా టేషన్ దాటింది... మన ముంగటికొచ్చింది... పోయింది," అనుకుంట చప్పుడు వెంబడి వేలు తిప్పింది. నేను గూడ రోజూ తిప్పిన. నెల తిరిగేసరికి భయం పోయింది.

తర్వాత అమ్మగారింటికి పోయిన. పంపు స్టవ్ ముందు కూసుంటే దాని చప్పుడు మెల్లగ దూరం జరుగుతున్నట్టు వినిపించింది.

"స్టవ్ ఎటో పోతుందమ్మా," అన్న. అమ్మ నా నుదురు పట్టి చూసింది. జరం లేదు.

తిరిగొచ్చి అత్తకు చెప్పిన. ఆమె నవ్వలేదు. "రోజూ రైలు వెంబడి పోయే చెవులు గంతే. నాకు తిరిగే ఫంకా చప్పుడు గూడ గట్లనే దూరం పోతుంటది బిడ్డా," అన్నది.